డైనో ఎక్కించే ముందు: స్పోర్ట్స్ బైకు ట్యూనింగుకు తీసుకోవలసిన జాగ్రత్తలు

రోడ్డు మీద బండిని ఎంత వేగంగా నడిపేవారైనా, నాలుగో గేరులోనో అయిదో గేరులోనో యాక్సిలేటరు పూర్తిగా తిప్పి, రెడ్‌లైను (ఇంజిను తిరగడానికి అనుమతించిన గరిష్ఠ వేగం) తాకేదాకా పట్టుకుని, కాసేపు ఆగి మళ్లీ అదే పని పదేపదే చేయరు. డైనో మీద, అంటే బండిని కదలకుండా కట్టి, వెనక చక్రంతో డ్రమ్మును తిప్పించి ఇంజిను శక్తిని కొలిచే యంత్రం మీద, జరిగేది సరిగ్గా అదే. పైగా బండి కదలదు కాబట్టి, రోడ్డు మీద ఇంజినుకు సహజంగా తగిలే ఎదురుగాలి ఇక్కడ ఉండదు, ఫ్యాను ఎంత గాలి కొడితే అంతే. అందువల్ల మామూలుగా నడిపేటప్పుడు బయటపడని లోపాలన్నీ ఆ కొద్ది గంటల్లోనే బయటపడతాయి, కొన్ని ఖరీదైన రూపంలో, కొన్ని ప్రమాదకరమైన రూపంలో. ట్యూనరు ల్యాప్‌టాప్ తెరవకముందే ఫలితం సగం తేలిపోయి ఉంటుందని, ఆ సగం బండి యజమాని చేతుల్లో ఉంటుందని ఈ పనికి దిగే ప్రతి ఒక్కరూ ముందుగా గ్రహించాలి.

అసలు ఈ పని ఎవరికి అవసరమో మొదట తేల్చుకోవాలి. కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న బండికి, సైలెన్సరుగానీ ఎయిర్ ఫిల్టరుగానీ మార్చని బండికి, డైనో ట్యూనింగు మీద పెట్టే డబ్బుకు తగిన ఫలితం రాదనే నా అభిప్రాయం. ఆ డబ్బుతో మంచి టైర్లు వేయించి, సస్పెన్షన్ సరిచేయించి, కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వేలోనో చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీదనో శిక్షణ తీసుకుంటే బండి నడిపే తీరే మారుతుంది. బెండ్ పైపు నుంచి సైలెన్సరు దాకా మొత్తం మార్చినవారికి, గాలి ఎక్కువగా లోపలికి పంపే ఫిల్టరు వేసినవారికి, ఇంజిను లోపల పని చేయించినవారికి మాత్రం ఇది సరదా పని కాదు, తప్పనిసరి పని. గాలి లెక్క మారి పెట్రోలు లెక్క మారకపోతే మిశ్రమం లీన్ అవుతుంది, అంటే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువవుతుంది. లీన్ మిశ్రమంతో, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల ఎండలో, ట్రాక్ మీద నిర్విరామంగా తిప్పిన ఇంజినుకు పిస్టన్ దెబ్బతినే ముప్పు నిజంగా ఉంది.

డైనోలు ప్రధానంగా రెండు రకాలు. ఒకదానిలో వెనక చక్రం బరువైన ఉక్కు డ్రమ్మును తిప్పుతుంది. డ్రమ్ము బరువు ముందే తెలుసు కాబట్టి, అది ఎంత త్వరగా వేగం అందుకుందో కొలిచి శక్తిని లెక్కగడతారు. రెండో రకంలో ఆ డ్రమ్ముకు విద్యుదయస్కాంత బ్రేకు కూడా ఉంటుంది. దానితో ఇంజినును ఉదాహరణకు 5,500 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు) దగ్గర, యాక్సిలేటరు 20 శాతం తెరిచి, స్థిరంగా నిలబెట్టవచ్చు. గరిష్ఠ శక్తి ఎంతో చూసుకోవడానికి మొదటి రకం చాలు. రోజూ నడిపే బండికి మ్యాప్ (ఎప్పుడు ఎంత పెట్రోలు చిమ్మాలో, ప్లగ్గు ఎప్పుడు నిప్పు రాజేయాలో చెప్పే పట్టిక) రాయించుకునేవారు మాత్రం రెండో రకం ఉన్నచోటికే వెళ్లడం మంచిది, ఎందుకంటే ఊళ్లో మనం బండి నడిపే సమయంలో అధికభాగం యాక్సిలేటరు పాతిక శాతం కూడా తిప్పము. ఆ భాగాన్ని వదిలేసి, పూర్తిగా తిప్పినప్పటి శక్తి గీతను (గ్రాఫును) మాత్రమే సరిచేసిన బండి కాగితం మీద బాగుంటుంది, ట్రాఫిక్‌లో మాత్రం కుదుపులు పెడుతుంది.

బండిని సిద్ధం చేయడం

కొత్త ఇంజినును డైనో ఎక్కించకూడదు. కనీసం మొదటి సర్వీసు పూర్తయి, ఆయిలు మార్చిన తరువాతే ఆలోచించాలి. పాత బండి అయితే, పోయిన సర్వీసు ఎప్పుడు జరిగిందన్నదానితో నిమిత్తం లేకుండా కొత్త ఇంజిన్ ఆయిలు, కొత్త ఆయిల్ ఫిల్టరు వేయించాలి. కారు ఆయిలు వాడకూడదు. బైకు క్లచ్ ఆయిల్లోనే మునిగి పనిచేస్తుంది కాబట్టి డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (ఇలాంటి క్లచ్‌లకు సరిపోయే ఆయిలు ప్రమాణం) అని ఉన్న ఆయిలే వేయాలి, లేకుంటే క్లచ్ జారవచ్చు. క్లచ్ జారుతున్న సంగతి రోడ్డు మీద చాలాకాలం తెలియకపోవచ్చు. డైనో గీతలో మాత్రం వెంటనే కనిపిస్తుంది: ఆర్‌పీఎం పెరుగుతూనే ఉంటుంది, డ్రమ్ము వేగం దానికి తగ్గట్టు పెరగదు. అప్పటికే మీరు గంటల లెక్కన చెల్లిస్తూ ఉంటారు, క్లచ్ ప్లేట్లు మార్చకుండా ముందుకు వెళ్లే దారి ఉండదు.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధగా చూడవలసింది ఎగ్జాస్టు లీకులు. ట్యూనరు పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను వైడ్‌బ్యాండ్ సెన్సరుతో కొలిచి, గాలికీ పెట్రోలుకూ మధ్య పాళ్లు ఎలా ఉన్నాయో నిర్ణయిస్తాడు. సెన్సరుకు ముందు ఎక్కడైనా సందు ఉంటే, పొగ బయటికి కొట్టే ప్రతి తోపుకూ మధ్యలో బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. సెన్సరు ఆ గాలిలోని ఆక్సిజన్‌ను కూడా లెక్కపెట్టి, మిశ్రమం లీన్‌గా ఉందని తప్పు చెబుతుంది. ట్యూనరు దాన్ని నమ్మి పెట్రోలు పెంచుతాడు, పెంచేకొద్దీ బండి బరువెక్కినట్టు నడుస్తుంది, మైలేజీ పడిపోతుంది, కారణం ఎవరికీ అంతుపట్టదు. అందుకే వెళ్లే ముందు రోజు, ఇంజిను చల్లగా ఉన్నప్పుడు, బెండ్ పైపు సిలిండరు హెడ్డుకు కలిసే చోట, పైపుకు పైపు దూరే ప్రతి అతుకు దగ్గర, టార్చిలైటు వేసి చూడండి. లీకు ఉన్నచోట మెత్తటి నల్లటి మసి సన్నని చారగానో ఉంగరంలానో అంటుకుని ఉంటుంది, వేలితో తుడిస్తే కాటుకలా వస్తుంది. పాత ప్యాకింగును తిరిగి వాడకుండా కొత్తది వేయించి, బోల్టులు సరిగా బిగించాలి. వైడ్‌బ్యాండ్ సెన్సరు బిగించడానికి బెండ్ పైపుకు విడిగా మరగల రంధ్రం కావాలో, సైలెన్సరు చివర గొట్టం పెట్టి కొలుస్తారో ట్యూనరును ముందే అడగాలి. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టరు ఉన్న బండికి దాని తరువాత కొలిచిన లెక్క అంత నమ్మదగినది కాదు.

చైను విషయంలో చాలామందికి తెలియని సూక్ష్మం ఒకటి ఉంది. బండిని డైనో మీద పెట్టి బెల్టులతో కిందికి లాగి కట్టినప్పుడు సస్పెన్షన్ అణుగుతుంది, వెనక చక్రం ఇరుసు పైకి జరుగుతుంది. ముందు స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ కీలు, వెనక ఇరుసు ఒకే గీత మీదికి వచ్చినప్పుడు చైను అత్యంత బిగుతుగా ఉంటుంది. స్టాండు మీద సరిగ్గా ఉందనుకున్న చైను, బెల్టులు బిగించాక తీగలా బిగుసుకుపోవచ్చు. ఆ స్థితిలో గరిష్ఠ వేగానికి తిప్పితే గేర్‌బాక్సు బేరింగు మీద భారం పడుతుంది, చైను తెగే ప్రమాదమూ ఉంది. కాబట్టి కంపెనీ చెప్పినంత స్లాక్ (చైను వదులు) పెట్టించి తీసుకువెళ్లి, బండిని కట్టిన తరువాత మరొకసారి మీ చేత్తోనే పైకీ కిందికీ కదిపి చూసుకోండి. చైను లింకు క్లిప్పు సరైన దిశలో ఉందో లేదో, స్ప్రాకెట్ పళ్లు అరిగి కొక్కేల్లా వంగాయో లేదో అప్పుడే చూడాలి. డైనో మీద చైను తెగడం కంటే ఘోరమైన ప్రమాదం తక్కువ.

వెనక టైరు పక్కన అచ్చువేసిన నాలుగు అంకెలు దాని వయసు చెబుతాయి. 2322 అంటే 2022వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. పగుళ్లు వచ్చిన టైరు, పంక్చరు పుల్ల వేసిన టైరు, మధ్యలో చదునుగా అరిగిన టైరు డైనోకు పనికిరావు. వేగపు శ్రేణి కూడా చూడాలి: హెచ్ అక్షరం ఉంటే గంటకు 210 కిలోమీటర్లు, వీ ఉంటే 240, డబ్ల్యూ ఉంటే 270 వరకే ఆ టైరు భరిస్తుంది. ఆర్‌15, ఆర్‌సీ 390 వంటి చిన్న స్పోర్ట్స్ బైకులకు ఇది పెద్ద అడ్డంకి కాదు గాని, వెయ్యి సీసీ ఇంజిన్లున్న లీటరు బైకులకు ప్రాణరక్షణ విషయం. గాట్లలో ఇరుక్కున్న కంకర రాళ్లను ఒక్కొక్కటిగా తీసేయండి, అవి వెనక్కి తూటాల్లా లేస్తాయి. గాలి ఎంత ఉండాలో ట్యూనరును అడిగి అంతే కొట్టించండి, ప్రతి రన్నుకూ (డైనో మీద ఒకసారి తిప్పి కొలవడాన్ని రన్ను అంటారు) అదే ఒత్తిడి ఉండేలా చూడండి. తక్కువ గాలితో ఒకసారి, ఎక్కువ గాలితో ఒకసారి కొలిస్తే ఆ రెండు లెక్కలకూ పొంతన ఉండదు.

మిగిలినవి త్వరగా చెబుతాను. ఎయిర్ ఫిల్టరు శుభ్రంగా ఉండాలి. ప్లగ్గులు కంపెనీ చెప్పినవే, కొత్తవి వేయించాలి. టాపెట్ల (వాల్వుల సందు) సెట్టింగు గడువు దగ్గర పడి ఉంటే ముందే చేయించాలి, మ్యాప్ రాయించాక టాపెట్లు సరిచేస్తే ఆ మ్యాపుకు అర్థం మారిపోతుంది. కూలెంటు నిండుగా ఉండాలి, రేడియేటరు ఫ్యాను తిరుగుతోందో లేదో బండిని నిలిపి వేడెక్కించి చూడాలి. బ్యాటరీ రాత్రంతా చార్జింగులో పెట్టడం మంచిది, ఎందుకంటే ఈసీయూలో (ఇంజినును నడిపే కంప్యూటరులో) మ్యాప్ రాస్తున్న సమయంలో కరెంటు పడిపోతే ఆ ఈసీయూ మళ్లీ లేవకపోవచ్చు. ఇంజిన్ హెచ్చరిక లైటు వెలుగుతున్న బండిని ఎట్టి పరిస్థితిలోనూ తీసుకువెళ్లవద్దు. లోపాన్ని పెట్రోలుతో కప్పిపుచ్చే మ్యాప్ మీకు వద్దు.

పెట్రోలు సంగతి

మన దేశంలో ఇప్పుడు బంకుల్లో దొరికే మామూలు పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలిసి ఉంటోంది. స్వచ్ఛమైన పెట్రోలు ఒక కిలో పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు, అంటే ఈ20కి, అది దాదాపు 13.5 కిలోలు చాలు. అంటే ఇథనాల్ లేని పెట్రోలుతో రాసిన మ్యాపులో ఈ20 పోస్తే మిశ్రమం లీన్ వైపు జరుగుతుంది. విదేశాల్లో ఎవరో రాసి అమ్మే రెడీమేడ్ మ్యాపులను యథాతథంగా మన బండ్లలో ఎక్కించుకోవడం ఈ కారణంగానే ప్రమాదకరం. పైగా ఇక్కడి వేడి వేరు, దుమ్ము వేరు.

పెట్రోలు నాకింగును, అంటే ఇంజినులో మిశ్రమం తనంతట తానే పేలినట్టు మండడాన్ని, ఎంత తట్టుకుంటుందో చెప్పేది ఆక్టేన్ సంఖ్య. దాని గురించి ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఈ20 రాకముందు మామూలు పెట్రోలు 91 ఉండేది, ఇండియన్ ఆయిల్ సంస్థ అమ్మే ఎక్స్‌పీ95 పెట్రోలు పేరులోనే ఉన్నట్టు 95. అదే సంస్థ 2020 డిసెంబరులో ఎక్స్‌పీ100ను తెచ్చింది. ఆక్టేన్ ఎక్కువైన కొద్దీ ఇగ్నిషన్ టైమింగును (ప్లగ్గు నిప్పురవ్వ కొట్టే సమయాన్ని) ముందుకు జరిపి మరికొంత శక్తి తీయవచ్చు. ఆ టైమింగు మ్యాపులో అలాగే ఉండగా, హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో పెట్రోలు అయిపోయి చిన్న బంకులో తక్కువ ఆక్టేన్ పెట్రోలు పోయించుకుంటే, ఎండలో, ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిను నాకింగు మొదలుపెడుతుంది. నాక్ సెన్సరు లేని చిన్న స్పోర్ట్స్ బైకులు చాలా ఉన్నాయి, వాటిని కాపాడేది ఏదీ ఉండదు. కాబట్టి మీరు సాధారణంగా వెళ్లే దారిలో ఏ పెట్రోలు ఖాయంగా దొరుకుతుందో ఆ పెట్రోలుతోనే ట్యూనింగు చేయించండి. ట్యాంకులో పాతది అడుగంటాక, ముందు రోజు అదే బంకులో తాజాగా నింపుకుని వెళ్లండి. ట్రాక్ కోసం వేరే మ్యాప్ కావాలంటే విడిగా రాయించుకుని, రెండింటినీ పేర్లు పెట్టి దాచుకోండి.

ట్యూనరుతో ముందే మాట్లాడుకోవలసినవి

అసలు ఈసీయూలోనే మార్పులు రాస్తారా, లేక బెంగళూరులో తయారయ్యే పవర్‌ట్రానిక్ వంటి అదనపు పెట్టెను బిగిస్తారా అన్నది మొదటి ప్రశ్న. అదనపు పెట్టె అయితే, తరువాత విప్పేసి బండిని పూర్వస్థితికి తేవచ్చు. ఈసీయూలో రాసేటట్టయితే అసలు మ్యాప్ కాపీని ముందుగా తీసి మీకు ఇవ్వమని అడగాలి, కాపీ తీయడం కుదరదన్నచోట పని చేయించకపోవడమే మేలు. బండిలోని అసలు ఆక్సిజన్ సెన్సరు నెమ్మది వేగాల్లో మిశ్రమాన్ని తనంతట తాను సరిచేస్తూ ఉంటుంది. ట్యూనరు ఒకవైపు పెట్రోలు పెంచుతుంటే ఆ సెన్సరు మరోవైపు తగ్గిస్తూ పోతుంది. ఈ పేచీని ఎలా పరిష్కరిస్తారని అడిగితే, వచ్చే సమాధానాన్ని బట్టే ఆ మనిషికి పని ఎంత తెలుసో అర్థమవుతుంది.

ట్రాక్షన్ కంట్రోల్, ఏబీఎస్ ఉన్న బండ్లలో మరో చిక్కు ఉంది. డైనో మీద ముందు చక్రం కదలదు, వెనకది పరుగెడుతుంది. వెనక చక్రం జారిపోతోందని బండి భ్రమపడి శక్తిని కోసేస్తుంది. ట్రాక్షన్ కంట్రోల్‌ను ఆపడం మీ మోడల్లో ఎలాగో యజమాని పుస్తకంలో చూసుకుని వెళ్లండి. పని అయ్యాక ఏబీఎస్ లైటు ఆరిందని, బ్రేకులు మామూలుగా పనిచేస్తున్నాయని నిర్ధారించుకున్న తరువాతే రోడ్డెక్కాలి.

ఇక అంకెల విషయం. కంపెనీ చెప్పే హార్స్‌పవర్ ఇంజిను లోపలి క్రాంకు షాఫ్టు దగ్గరిది, డైనో చూపేది వెనక చక్రం దగ్గరిది. గేర్‌బాక్సు, చైను, టైరు కలిసి సాధారణంగా 10 నుంచి 15 శాతం తినేస్తాయి. కాబట్టి 43 అని కంపెనీ చెప్పే బండి డైనో మీద 38 చూపితే అందులో లోపమేమీ లేదు. వాతావరణాన్ని బట్టి కూడా అంకె మారుతుంది. సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున్న బెంగళూరులో గాలి ఒత్తిడి చెన్నై కంటే దాదాపు పదో వంతు తక్కువ, హైదరాబాదు ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. ఈ తేడాలను సర్దడానికి సవరణ లెక్కలు వాడతారు. ఎస్‌ఏఈ లెక్క 25 డిగ్రీల వేడిని, 990 మిల్లీబార్ల ఒత్తిడిని ప్రమాణంగా తీసుకుంటుంది. ఎస్‌టీడీ అనే పాత లెక్క మరింత చల్లని, దట్టమైన గాలిని ప్రమాణంగా తీసుకోవడం వల్ల అదే రన్నుకు సుమారు 4 శాతం ఎక్కువ చూపుతుంది. ముందు రన్ను ఎస్‌ఏఈలో, తరువాతి రన్ను ఎస్‌టీడీలో అచ్చువేసిన కాగితం చేతికి వస్తే, ఏమీ చేయకుండానే బండికి శక్తి పెరిగినట్టు కనిపిస్తుంది. రెండు గీతలకూ ఒకే సవరణ, ఒకే స్మూతింగు (గీతను నునుపు చేసే స్థాయి), ఒకే గేరు వాడారా అని కాగితం మీద చూడండి. ఇంకో చిన్న పరీక్ష: శక్తి హార్స్‌పవర్లలో, టార్క్ పౌండ్-అడుగుల్లో, రెండూ ఒకే స్కేలు మీద ఉంటే ఆ రెండు గీతలు 5,252 ఆర్‌పీఎం దగ్గరే కలవాలి. వేరేచోట కలిస్తే కారణం అడగండి.

పని మొదలుపెట్టే ముందు, ఏ మార్పూ చేయకుండా కనీసం మూడు రన్నులు తీయించాలి. అవి ఒకదానితో ఒకటి ఒక శాతం అటూ ఇటూగా సరిపోతేనే కొలత నిలకడగా ఉన్నట్టు. సరిపోకపోతే బండిలోనో, కట్టిన తీరులోనో, వేడిలోనో తేడా ఉంది, అది తేలేవరకు మ్యాప్ ముట్టుకోకూడదు.

డైనో గదిలో

బండిని కట్టే బెల్టులు ముందు ఫోర్కులను పట్టి ఉంచే కింది ట్రిపుల్ క్లాంపుకు వేయాలి గాని క్లిప్-ఆన్ హ్యాండిళ్లకు వేయకూడదు, భారానికి అవి తిరిగిపోతాయి. ఫెయిరింగుకు బెల్టు రాసుకునేచోట మెత్తటి గుడ్డ పెట్టించండి. తిరుగుతున్న చక్రానికి సూటిగా వెనక ఎవరూ నిలబడకూడదు, వీడియో తీసే స్నేహితులకు ఈ మాట గట్టిగానే చెప్పాలి. చెవులకు రక్షణ ఉండాలి. పొగను బయటికి లాగే ఏర్పాటు లేని మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడు చేరుతుంది, దానికి రంగూ వాసనా ఉండవు. తలనొప్పిగా, మత్తుగా అనిపించిన క్షణమే బయటికి వచ్చేయాలి. అగ్నిమాపక సిలిండరు చేతికందే దూరంలో ఉందో లేదో లోపలికి అడుగుపెట్టగానే చూసుకోండి.

వేసవిలో అయితే ఉదయపు సమయం అడిగి తీసుకోండి. ప్రతి రన్నుకూ ముందు కూలెంటు ఉష్ణోగ్రత ఒకే స్థాయికి వచ్చేదాకా ఆగాలి. ఆ నిరీక్షణ విసుగు పుట్టించవచ్చు గాని, తొందరపెట్టవద్దు. రన్ను మధ్యలో గులకరాళ్లు గలగలలాడినట్టు సన్నని లోహపు శబ్దం వినిపిస్తే అది నాకింగు, వెంటనే ఆపమనే హక్కు మీకుంది. చివరి ఒకటిన్నర హార్స్‌పవర్ కోసం టైమింగును ఇంకా ముందుకు జరుపుదామని ట్యూనరు అడిగితే వద్దనండి. ట్రాక్ మీద గెలిపించేది శిఖరం దగ్గరి అంకె కాదు, మలుపు బయటికి వస్తూ యాక్సిలేటరు తిప్పినప్పుడు ఒడుదుడుకులు లేకుండా పైకి లేచే గీత.

చట్టం, ఆ తరువాతి పనులు

ఉద్గారాలు, శబ్దం విషయంలో బండి నిబంధనలకు లోబడి ఉండాలి. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద వీటిని అతిక్రమిస్తే మొదటి తప్పుకు 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. అనుమతి లేని మార్పులకు 182ఏ(4) కింద మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా ఉంది, ఆరు నెలల వరకు జైలుకూ అవకాశముంది. హైదరాబాదులోను, విశాఖపట్నంలోను పోలీసులు శబ్దం చేసే సైలెన్సర్లను రోడ్డు రోలర్లతో తొక్కించిన దృశ్యాలు అందరూ చూసినవే. క్యాటలిటిక్ కన్వర్టరు తీసేసిన బండిని ట్రాక్‌కే పరిమితం చేసి, వాహనం మీద ఎక్కించి తీసుకువెళ్లండి. కంపెనీ వారెంటీ పోతుందని ముందే లెక్క వేసుకోండి, బీమా సంస్థకు మార్పులను రాతపూర్వకంగా తెలియజేయండి.

డైనో దిగిన బండిని నేరుగా హైవే ఎక్కించవద్దు. ముందు చైను స్లాక్, ఇరుసు నట్టు, టైరులో గాలి సరిచూసి, బెల్టులు తీసినచోట వైర్లు, బ్రేకు గొట్టాలు నలగలేదని చూసుకుని, నెమ్మదిగా ఊళ్లోనే కొద్ది కిలోమీటర్లు తిప్పండి. చల్లటి ఇంజిను ఉదయం ఎలా స్టార్టవుతుందో, సిగ్నళ్ల దగ్గర ఐడిల్ నిలుస్తోందో గమనించి రాసి పెట్టుకోండి. మొదటి రెండు ట్యాంకుల మైలేజీ లెక్కవేసి, ఇంజిన్ ఆయిలు మట్టం రెండు రోజులకోసారి చూడండి. కొద్ది వందల కిలోమీటర్ల తరువాత ప్లగ్గు విప్పించి చూస్తే, లేత గోధుమరంగు ఉంటే మిశ్రమం సరిగ్గా ఉన్నట్టు, తెల్లగా సున్నం కొట్టినట్టు ఉంటే లీన్ అయినట్టు, నల్లటి మసి పేరుకుంటే రిచ్ అయినట్టు, అంటే పెట్రోలు ఎక్కువైనట్టు. తేడా కనిపిస్తే, దాచుకున్న రన్ను ఫైళ్లు, మ్యాప్ కాపీ తీసుకుని అదే ట్యూనరు దగ్గరికి, అదే డైనో మీదికే తిరిగి వెళ్లండి. వేరే డైనో అంకెలతో పోల్చి వాదనకు దిగితే ఎటూ తేలదు.